పాత సైకిల్‌కి కొత్త పార్టు ఎందుకు పట్టదు?

ఎనిమిది గేర్ల సైకిల్‌ని పదకొండు గేర్లకి పెంచుకోవాలనుకునేవాళ్లు ముందుగా చూసేది కాసెట్ వైపే. వెనక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తి అది. దాన్ని మారిస్తే పనైపోతుందనిపిస్తుంది. తీరా చూస్తే పదకొండు పళ్లచక్రాల మధ్య సందు తక్కువ కాబట్టి చైన్ సన్నగా ఉండాలి. హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్‌కి అన్ని క్లిక్‌లు లేవు కాబట్టి అదీ మారాలి. చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపేది డిరైలర్; కొత్త షిఫ్టర్ లాగే కేబుల్‌కి పాత డిరైలర్ సరిగ్గా కదలదు. అన్నీ కుదిరాయనుకునేసరికి, కాసెట్ ఎక్కించే ఫ్రీహబ్ 1.85 మిల్లీమీటర్లు పొట్టిగా ఉందని తేలుతుంది. అప్పుడిక హబ్బో, మొత్తం చక్రమో మార్చాలి.

సొంతంగా సైకిల్ కట్టుకునేవాళ్లకి ఏదో ఒక రోజు ఈ తలనొప్పి తప్పదు. కంపెనీలు కావాలనే కొలతలు మారుస్తున్నాయని కొందరు కోప్పడతారు. బండి మెరుగుపడాలంటే కొలతలు మారక తప్పదని ఇంకొందరు సర్దిచెబుతారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే, ముందు సైకిల్ భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో చూడాలి.

## పట్టడం వేరు, పనిచేయడం వేరు

స్టాండర్డ్ అంటే రెండు భాగాలు కలిసే చోట తయారీదారులు ముందే ఒప్పుకున్న కొలత. పెడల్ దీనికి మంచి ఉదాహరణ. దాని మర వ్యాసం అంగుళంలో 9/16 వంతు, అంగుళానికి 20 చుట్లు. ఒకే కడ్డీని వంచి చేసిన పాతకాలపు క్రాంకులకీ (పెడల్ బిగించే చేతులు), కొన్ని పిల్లల సైకిళ్లకీ మాత్రం అర అంగుళం మర ఉంటుంది. అవీ, వేరే మర ఉన్న పాత ఫ్రెంచ్ సైకిళ్లూ మినహా దాదాపు ఏ పెడలైనా, ఏ కంపెనీ క్రాంకుకైనా ఎక్కుతుంది. ఎడమ పెడల్‌కి మర తిరగబడి ఉంటుంది. బేరింగు రాపిడిని మాత్రమే లెక్కేస్తే ఇది తప్పు దిక్కు అనిపిస్తుంది. కానీ తొక్కుతున్నప్పుడు బరువు పడే వైపు చుట్టూ మారుతూ ఉండటంతో, ఇరుసు తన రంధ్రంలో సూక్ష్మంగా వ్యతిరేక దిశకి జరుగుతూ ఉంటుంది. మెకానిక్కులు ప్రెసెషన్ అనేది దీన్నే. మర తిరగబడి ఉన్నందువల్లే ఎడమ పెడల్ ఊడి రాదు.

అన్ని చోట్లా వ్యవహారం ఇంత సులువు కాదు. రెండు భాగాలు కుదిరాయి అనడంలో మూడు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి, కొలత కలవడం: మర, వ్యాసం, వెడల్పు సరిపోవాలి. రెండోది, పని కలవడం: బోల్టు బిగిసినా, ఒక భాగం కదలిక రెండోదానికి కావలసినంత ఉండాలి. మూడోది, బలం కలవడం: కొత్త భాగం మోపే ఒత్తిడిని పాత భాగం తట్టుకోవాలి. మొదటిది స్కేలుతో, కాలిపర్ అనే కొలిచే పరికరంతో తేలిపోతుంది. రెండోది బండి నడిపితేగానీ తెలియదు. మూడోది తెలిసేసరికి ఒక్కోసారి ఆలస్యమైపోతుంది.

## ఒకే 26 అంగుళాలు, నాలుగు రిమ్ములు

కొలత దగ్గరే ఎంత గందరగోళం ఉంటుందో టైర్లు చూస్తే తెలుస్తుంది. అంగుళాల్లో రాసే సైజు నిజానికి పేరు లాంటిది, దాన్ని కొలతగా నమ్మడానికి లేదు. టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం ఎంత అన్నదే అసలు లెక్క. 26 అంగుళాలు అని పిలిచే టైర్లలో మౌంటెన్ బైకులవి 559 మిల్లీమీటర్ల రిమ్ముకి పడతాయి. పాత రోడ్‌స్టర్ సైకిళ్లకి వేసే 26 × 1 3/8 టైరుకి 590 రిమ్ము కావాలి. 26 × 1 1/2 అని రాసి ఉంటే 584. సన్నటి 26 × 1 అయితే 571. వీటిలో ఏ రెండూ ఒకదాని బదులు ఇంకొకటి పనికిరావు.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. 700సీ అని రేసింగ్ సైకిల్‌కి, 28 అంగుళాలని టూరింగ్ సైకిల్‌కి, 29 అంగుళాలని మౌంటెన్ బైకుకి రాసి ఉన్నా, మూడింటి రిమ్ము వ్యాసమూ 622 మిల్లీమీటర్లే. టైరు లావు మాత్రమే తేడా. అలాగని 28 అంగుళాలు అన్నవన్నీ 622 అనుకుంటే మళ్లీ దెబ్బే. పాత పెద్ద రోడ్‌స్టర్లకి వేసే 28 × 1 1/2 టైరు 635 రిమ్ముది.

ఈ గజిబిజికి మందు టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. 37-622 లాంటి అంకెల జంట అది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఐఎస్ఓ 5775 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది ఈ పద్ధతినే. రెండో అంకె కచ్చితంగా కలవాలి. మొదటి అంకెలో కొంత వెసులుబాటు ఉంటుంది. అయితే ఫ్రేము గొట్టాల మధ్య, ఫోర్కు కాళ్ల మధ్య, బ్రేకు కింద ఎంత ఖాళీ ఉందన్నదే దాని హద్దు. 28 మిల్లీమీటర్ల టైరు తీసేసి 35ది వేద్దామనుకున్నవాళ్లకి రిమ్ము అడ్డుపడదు, బ్రేకు అడ్డుపడుతుంది.

## గేర్ల లెక్క: కేబుల్ ఎంత లాగితే డిరైలర్ ఎంత జరుగుతుంది

పాతకాలపు గేర్ లివర్‌కి క్లిక్‌లు ఉండేవి కావు. తొక్కేవాడే చెవితో విని, చేత్తో సర్దుకుని చైన్‌ని సరైన పళ్లచక్రం మీదకి తెచ్చుకునేవాడు. అందుకే అప్పట్లో ఏ లివరైనా ఏ డిరైలర్‌తోనైనా పనిచేసేది. 1980ల మధ్యలో జపాన్ కంపెనీ షిమానో క్లిక్ పద్ధతిని జనంలోకి తెచ్చాక పని హాయి అయింది, కానీ ఆ స్వేచ్ఛ పోయింది. ఒక్కో క్లిక్‌కి కేబుల్ ఎంత కదలాలన్నది షిఫ్టర్ లోపలే ఖాయమైపోయింది మరి.

లెక్క తేలికైనదే. ఒక క్లిక్‌కి షిఫ్టర్ లాగే కేబుల్ పొడవుని డిరైలర్ నిష్పత్తితో గుణిస్తే, చైన్ పక్కకి జరిగే దూరం వస్తుంది. ఆ దూరం పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరంతో సమానం కావాలి. షిమానో ఎనిమిది గేర్ల షిఫ్టర్ క్లిక్‌కి సుమారు 2.8 మిల్లీమీటర్లు లాగుతుంది. ఆ తరం డిరైలర్ నిష్పత్తి 1.7. గుణిస్తే 4.76. ఎనిమిది గేర్ల కాసెట్‌లో పళ్లచక్రాల మధ్య దూరం 4.8. సరిపోయింది. తొమ్మిది గేర్లది 2.5 లాగుతుంది, అదే 1.7తో గుణిస్తే 4.25. కావలసింది సుమారు 4.35. కాస్త తేడా ఉన్నా, డిరైలర్‌లో చైన్‌ని నడిపే పై చిన్న చక్రం అటూ ఇటూ కొంచెం ఆడేలా చేసి ఉంటుంది కాబట్టి చైన్ దానంతటదే సర్దుకుంటుంది. కాబట్టి షిమానో ఎనిమిది నుంచి తొమ్మిదికి వెళ్లేటప్పుడు పాత డిరైలర్‌నే ఉంచుకోవచ్చు.

ఇదే లెక్క పదకొండు గేర్ల రోడ్ షిఫ్టర్‌కి వేస్తే కథ మారుతుంది. అది క్లిక్‌కి సుమారు 2.7 లాగుతుంది. దానికి జతగా వచ్చే డిరైలర్ నిష్పత్తి 1.4 కాబట్టి చైన్ 3.78 జరుగుతుంది. కావలసింది 3.74 దగ్గర. పాత 1.7 డిరైలర్ పెడితే 4.59 జరుగుతుంది. క్లిక్‌కి 0.85 తేడా. నాలుగు క్లిక్‌లయ్యేసరికి అది 3.4 మిల్లీమీటర్లవుతుంది, అంటే దాదాపు ఒక పళ్లచక్రం అంత. బోల్టులన్నీ చక్కగా బిగిసినా గేర్లు మాత్రం పడవు. ఎంత సెట్టింగ్ చేసినా కుదరని ఇలాంటి కేసుల్లో చెయ్యి తిరిగిన మెకానిక్‌ని తప్పుపట్టడం అన్యాయం.

గేర్ల సంఖ్య పెంచకుండా ఎత్తు ఎక్కడానికి తేలిక గేరు మాత్రం కావాలంటే ఇంకో లెక్క ఉంది. ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు అనుకుందాం. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి 2.55 మీటర్లు పోతుంది. వెనక 34 పళ్లు పెడితే 2.1 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కే మనిషికి ఇది గంటకి 9.2 కిలోమీటర్లకి, 7.6కి మధ్య తేడా. నిటారు ఎత్తులో దిగి నడవాలా, తొక్కుతూనే ఉండాలా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

దానికీ ఒక హద్దు ఉంది. వదులైన చైన్‌ని చుట్టుకోగల శక్తి డిరైలర్‌కి ఎంత ఉందో అదే దాని కెపాసిటీ. ముందు, అంటే పెడళ్ల దగ్గర ఉండే పెద్ద, చిన్న పళ్లచక్రాల (చైన్‌రింగుల) పళ్ల తేడాకి, వెనక పెద్ద, చిన్న పళ్లచక్రాల తేడా కలిపితే ఎంత కావాలో తెలుస్తుంది. ముందు 50, 34 ఉంటే 16. వెనక 11 నుంచి 28 అయితే 17. మొత్తం 33. వెనక 34కి పెంచితే 39. పొట్టి చేతి డిరైలర్‌కి అది మోయలేని పని. కంపెనీలు చెప్పే అంకెల్లో కొంత జాగ్రత్త కలిసి ఉంటుందని అనుభవజ్ఞులు వాటిని దాటి పోతుంటారు, చాలాసార్లు నడుస్తుంది కూడా. చిన్న చైన్‌రింగు, చిన్న పళ్లచక్రం జోడీలో చైన్ వేలాడితే చప్పుడుతో పోతుంది. పెద్దది, పెద్దది జోడీకి చైన్ పొడవు చాలకపోతే మాత్రం డిరైలర్ విరిగి చువ్వల్లో పడుతుంది. కాబట్టి చైన్ పొడవు ఎప్పుడూ పెద్ద జోడీని బట్టే నిర్ణయిస్తారు.

## బాటమ్ బ్రాకెట్ గొడవ

కొత్త స్టాండర్డ్‌ల మీద జరిగే వాదనంతా ఒక్కచోట చూడాలంటే క్రాంకు ఇరుసు తిరిగే ఫ్రేము భాగాన్ని చూడాలి. దాన్నే బాటమ్ బ్రాకెట్ అంటారు. తుపాకుల తయారీతో మొదలైన బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ పేరుతో బీఎస్ఏ మర అని ఒకటి ఇక్కడ దశాబ్దాలుగా నడిచింది. వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, రోడ్ సైకిల్‌కైతే గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లు. కుడివైపు మర తిరగబడి ఉంటుంది. ఇటలీవాళ్లు వెడల్పు 70 పెట్టుకుని, రెండు వైపులా మామూలు మరే ఉంచారు.

2000లో అమెరికా సైకిల్ కంపెనీ క్యానన్‌డేల్ మర లేకుండా బేరింగుని నేరుగా ఫ్రేములోకి నొక్కి కూర్చోబెట్టే బీబీ30 తెచ్చింది. 2006లో దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని ప్రకటించింది. ఇరుసు లావు 30 మిల్లీమీటర్లు కాబట్టి తక్కువ బరువుతో ఎక్కువ గట్టిదనం వస్తుంది. కార్బన్ ఫ్రేముల్లో మర కోసం లోహపు గొట్టం అతికించే పని కూడా తప్పుతుంది. ఇంజినీరింగ్ పరంగా ఇది నిజమైన లాభమే. ఆ తర్వాత ఒక్కో కంపెనీ తన కొలతతో దిగింది. రంధ్రం 37, 41, 42, 46 మిల్లీమీటర్లు, వెడల్పులు ఇంకెన్నో రకాలు. నొక్కి కూర్చోబెట్టే పద్ధతిలో రంధ్రం గుండ్రంగా, రెండు వైపులా ఒకే గీతలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ప్రతి తొక్కుకీ కిర్రుమంటుంది. ఆ చప్పుడు వెతుక్కుంటూ సీటు నుంచి పెడల్ దాకా అన్నీ విప్పి చూసినవాళ్లు లెక్కలేనంతమంది.

మళ్లీ గాలి తిరిగింది. 2015లో క్రిస్ కింగ్, ఆర్గొనాట్ అనే కంపెనీలు కలిసి టీ47 అనే లావాటి మర స్టాండర్డ్ తెచ్చాయి. లావు ఇరుసుకి చోటు, బిగించడానికి మర, రెండూ అందులో ఉన్నాయి. ట్రెక్ అనే సైకిల్ కంపెనీ దాన్ని తన రోడ్ సైకిళ్లలోకి తీసుకుంది. స్పెషలైజ్డ్ అనే ఇంకో కంపెనీ 2020లో తన పేరున్న రేసింగ్ ఫ్రేము టార్మాక్‌ని పాత బీఎస్ఏ మరకే తిప్పింది.

కంపెనీల మీద అనుమానపడేవాళ్లకి ఇదే సాక్ష్యం: పదిహేనేళ్లపాటు జనం మీద ప్రయోగాలు చేసి బయల్దేరిన చోటికే వచ్చారు, మధ్యలో అడాప్టర్లు కొన్నది కొనుగోలుదారే. అవతలివాళ్ల జవాబు తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. లావు ఇరుసు అవసరమని ఈ ప్రయోగాలవల్లే తేలింది, టీ47 పుట్టిందే వాటి తప్పులు దిద్దడానికి. నాకు మాత్రం తప్పు ఆలోచనలో కంటే తయారీ కచ్చితత్వంలోనే ఎక్కువ ఉందనిపిస్తుంది. చక్కగా చెక్కిన ప్రెస్‌ఫిట్ (బేరింగుని నొక్కి కూర్చోబెట్టే) ఫ్రేము కిర్రుమనదు. అయితే ఆ చక్కదనం అన్ని ఫ్రేములకీ దక్కలేదు, మర ఉంటే చిన్నచిన్న లోపాలు కప్పబడిపోయేవి.

ఇలాంటి తగువు ఇప్పుడు డిరైలర్ హ్యాంగర్ దగ్గర నడుస్తోంది. ఫ్రేముకి డిరైలర్ తగిలించే చిన్న కొక్కెం అది. ఫ్రేముకొక రకం ఉండటంతో, విరిగితే దొరికేది కాదు. 2019లో గేర్ల కంపెనీ స్రామ్, యూడీహెచ్ అనే ఒకే నమూనా హ్యాంగర్ తెచ్చి అందరికీ ఇచ్చింది. పోటీ కంపెనీల ఫ్రేములూ దానికి మారాయి, వాడేవాళ్లకి నిజంగా మేలు జరిగింది. 2023లో అదే స్రామ్, హ్యాంగరే అక్కర్లేకుండా ఆ చోట నేరుగా ఫ్రేముకి బిగిసే డిరైలర్‌ని దించింది. అందరికీ ఇచ్చిన స్టాండర్డ్ తమ కొత్త సరుకుకి వేసిన బాట కూడా అన్నమాట. అలాగని యూడీహెచ్ ఫ్రేము ఉన్నవాళ్లు నష్టపోయిందీ లేదు, పాత పద్ధతి డిరైలర్లు అక్కడ ఇంకా ఎక్కుతాయి.

## కొలతలు దాటినవాళ్లు

స్టాండర్డ్‌కి కట్టుబడి ఉండాలనే వాదానికి చరిత్రలో ఎదురుసాక్ష్యాలు గట్టిగానే ఉన్నాయి. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి ష్విన్ సైకిళ్లని కొండ మట్టిదారుల్లో దూకించేవాళ్లు. వెనక్కి తొక్కితే పడే హబ్ బ్రేకు ఆ దిగుడులో కాలిపోయి గ్రీజు ఆవిరైపోయేది. ప్రతి పరుగు తర్వాత గ్రీజు మళ్లీ కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి రీప్యాక్ అని పేరొచ్చింది. అక్కడ మొదటి పందెం 1976 అక్టోబర్ 21న జరిగింది. వాళ్లు ఆ బండ్లకి డ్రమ్ బ్రేకులు, మోటార్‌సైకిల్ లివర్లు, డిరైలర్లు తగిలించుకున్నారు. పాత ఫ్రేములు విరగడంతో 1977లో జో బ్రీజ్ ఆ పనికే కొత్త ఫ్రేము కట్టాడు. మౌంటెన్ బైక్ అనే రకం ఈ కలగూరగంప నుంచే పుట్టింది.

స్కాట్లాండ్ రేసర్ గ్రేమ్ ఒబ్రీ ఇంకా ముందుకి పోయాడు. తన సైకిల్ తానే కట్టుకుని, అందులో వాషింగ్ మెషీన్ బేరింగులు వాడాడు. 1993 జులైలో నార్వేలోని హామర్ ట్రాక్ మీద గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి, 1984 నుంచి నిలిచి ఉన్న ఫ్రాంచెస్కో మోజర్ రికార్డు దాటాడు. చేతులు ఛాతీ కింద మడిచి ముందుకి వంగే అతని భంగిమను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1994లో నిషేధించింది.

## ఏది మారిస్తే ఎంత లాభం: వాట్లలో

భాగం పట్టిందనుకుందాం, మార్చినందుకు ఫలితముందా? ఇక్కడ నమ్మకాలకీ లెక్కలకీ పెద్దగా పొత్తు కుదరదు. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, సమతల రోడ్డు, గంటకి 25 కిలోమీటర్ల వేగం అనుకుందాం. నిటారుగా కూర్చున్న మనిషికి గాలి నిరోధం దాటడానికే 80 వాట్ల దాకా పోతుంది. టైరు దొర్లుడు నిరోధ గుణకం 0.008 ఉన్న మందపాటి టైర్లకి 44 వాట్లు కావాలి. 0.005 ఉన్న మెత్తటి మంచి టైర్లకి 27. అంటే టైర్లు మారిస్తేనే సుమారు 16 వాట్లు మిగులుతాయి.

అదే సైకిల్‌లో అర కిలో బరువు తగ్గించామనుకోండి. సమతల రోడ్డు మీద మిగిలేది ఒక వాట్‌లో అయిదో వంతు కూడా కాదు. ఆరు శాతం ఎత్తులో గంటకి 10 కిలోమీటర్లతో ఎక్కుతున్నా, బరువు మోయడానికే ఖర్చయ్యే 131 వాట్లలో తగ్గేది ఒక వాట్ లోపే. అరగంట పట్టే ఎత్తు మీద ఇది పదకొండు సెకన్ల మాట. రేసర్‌కి అది గెలుపు ఓటముల తేడా కావచ్చు. మిగతావాళ్లకి తేలికైన సైకిల్ ఎత్తుకుని మెట్లెక్కడంలో ఉన్న సుఖమే ఎక్కువ కనిపిస్తుంది, ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను.

పంక్చర్ భయం ఎక్కువున్న దారుల్లో మందపాటి టైరు కోసం ఆ 16 వాట్లు వదులుకోవడమే మేలనేవాళ్లున్నారు. వాళ్ల లెక్కలో దారి పక్కన కూర్చుని ట్యూబు మార్చే సమయం కూడా ఉంటుంది.

## బ్రేకు దగ్గర మాత్రం ప్రయోగం వేరు

గేరు పడకపోతే చిరాకు, బ్రేకు పడకపోతే ప్రాణం మీదకి వస్తుంది. రెండు పొడవాటి చేతులతో రిమ్ముని నొక్కే వీ-బ్రేకుకి కావలసిన లివర్, రోడ్ సైకిళ్ల మామూలు కాలిపర్ బ్రేకు లివర్ కంటే సుమారు రెట్టింపు కేబుల్ లాగుతుంది. హ్యాండిల్‌కి రెండూ ఒకేలా బిగుస్తాయి. వీ-బ్రేకు లివర్‌ని కాలిపర్‌కి కలిపితే పట్టు రాయిలా గట్టిగా తగులుతుంది, బండి మాత్రం ఆగదు. తిరగేసి కలిపితే లివర్ హ్యాండిల్‌ని తాకేదాకా వచ్చినా ప్యాడ్లు రిమ్ముని సరిగా పట్టవు. గట్టిగా తగిలే బ్రేకే బలమైనదని పొరబడటం ఇక్కడ ప్రమాదం.

ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ డిస్కు బ్రేకుల్లో మినరల్ ఆయిల్‌వి, డాట్ ఫ్లూయిడ్ అనే బ్రేకు ద్రవంవి ఉంటాయి. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. ఇక రిమ్ బ్రేకు ఫోర్కుకి అడాప్టర్‌తో డిస్కు తగిలించడం బలం కలవని కేసు. డిస్కు బ్రేకు వేసినప్పుడు ఒత్తిడంతా ఎడమ కాలు కింది భాగం మీద పడుతుంది. రిమ్ బ్రేకు ఫోర్కుని ఆ బరువు కోసం చేయలేదు.

## ఫ్రేము చెప్పిందే చివరి మాట

మిగతావన్నీ ఎలాగోలా మార్చవచ్చు, ఫ్రేములో ఖాయమైపోయిన కొలతలు మార్చడం కష్టం. వెనక చక్రం కూర్చునే చోటు వెడల్పు, బాటమ్ బ్రాకెట్ గొట్టం, బ్రేకు బిగించే చోటు, ముందు గొట్టం వ్యాసం, టైరుకి ఉన్న ఖాళీ. పాత ఫ్రేము మీద మోజుపడేవాళ్లు ముందు వీటినే కొలుచుకుంటారు. వెనక వెడల్పు రోడ్ సైకిళ్లలో 120 నుంచి 126కి, 130కి, డిస్కులొచ్చాక ఇరుసు దూర్చే 142కి పెరిగింది. మౌంటెన్ బైకుల్లో 135 తర్వాత 142, 148 వచ్చాయి.

126 నుంచి 130కి వెళ్లడం ఉక్కు ఫ్రేములకి సాధ్యం. ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్లు చల్లగా ఉండగానే వంచి, డిరైలర్ హ్యాంగర్‌ని మళ్లీ నిటారుగా సరిచేస్తారు. ఉక్కు అలా వంగి అక్కడే నిలబడుతుంది. అల్యూమినియం ఫ్రేముని అలా వంచితే పగులు పట్టే ప్రమాదం ఉంది, కార్బన్‌ది వంగనే వంగదు, చిట్లుతుంది. పదేళ్ల కార్బన్ ఫ్రేముని పక్కన పెట్టేసి, నలభై ఏళ్ల ఉక్కు ఫ్రేము మీద కొత్త గేర్లు ఎక్కించేవాళ్లు ఇంకా కనిపించడానికి పాతవాటి మీద ప్రేమతో పాటు ఇదీ ఒక కారణం.